కాల్పనిక లోకాల ఊరిపేర్లు ఏ భాషలో పుడతాయి? విశాఖ పాఠకుల చర్చ

తీరరేఖ

అందరికీ నమస్కారం. పెదవాల్తేరులో ఉంటూ రెండేళ్లుగా తీరిక వేళల్లో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. కథ జరిగే నేల మన తీరాన్నే పోలి ఉంటుంది. ముందు సముద్రం, వెనుక ఎర్రమట్టి దిబ్బలు, వాటి వెనుక కనుమలు. కథ బాగానే సాగుతోంది కానీ పటం దగ్గర ఆగిపోయాను. ఇరవై ఊళ్లకు పేర్లు పెట్టి వరుసగా చదువుకుంటే స్వర్ణగిరి, వజ్రపురి, నీలద్వీపం, మేఘమాలాపురం అంటూ అన్నిటికీ ఒకే పురోహితుడు ఒకే ముహూర్తాన నామకరణం చేసినట్టు అనిపించింది. ఆంగ్ల ఫాంటసీ నవలల్లో ఊరిపేరు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ ఊరు ఎక్కడో ఉందనే నమ్మకం కలుగుతుంది. ఆ రచయితలు పేర్లను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో, మనం ఎక్కడి నుంచి తెచ్చుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

గోస్తని

మీ ప్రశ్నకు ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ దగ్గర మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ఆయనకు కథ కన్నా భాషలు ముందు పుట్టాయి. సిందరిన్ అనే భాషకు వెల్ష్ ధ్వనులను, క్వెన్యా అనే భాషకు ఫిన్నిష్ పోకడలను ఆధారం చేసుకుని, వాటిలోంచి ఊరిపేర్లను తీశారు. సిందరిన్‌లో ‘మినాస్’ అంటే బురుజు. చంద్రుని బురుజైన మినాస్ ఇథిల్‌ను శత్రువు ఆక్రమించుకున్నాక అది మాంత్రిక బురుజు, అంటే మినాస్ మోర్గుల్ అవుతుంది. ఎదురుగా ఉన్న సూర్యుని బురుజు మినాస్ అనోర్ కాస్తా కాపలా బురుజుగా, మినాస్ తిరిత్‌గా మారుతుంది. రచయిత ఎక్కడా వ్యాకరణపాఠం చెప్పడు. అయినా ‘మినాస్’ అనే ముక్క మూడోసారి కనబడేసరికి ఇది మన ‘పట్నం’ లాంటిదేనని పాఠకుడు తనకు తానే పట్టుకుంటాడు. ‘దోర్’ అంటే నేల కనుక గోండోర్ రాతినేల, మోర్దోర్ నల్లనేల అవుతాయి.

ఇదంతా ఒక ఎత్తు, రోహన్ రాజ్యం మరో ఎత్తు. అక్కడి పేర్లు కల్పిత భాషవి కావు, ప్రాచీన ఆంగ్లానివి. ఎదొరాస్ అంటే ప్రాంగణాలు. రాజుగారి సభాభవనం పేరు మెదుసెల్ద్ అంటే మధువు తాగే శాల. కథానాయకులైన హాబిట్లు అనే పొట్టి జాతివారు మాట్లాడే భాషను తాను ఆధునిక ఆంగ్లంలోకి అనువదించానని, దానికి బంధువైన రోహన్ భాషను అదే దూరం ఉన్న ప్రాచీన ఆంగ్లంలోకి మార్చానని టోల్కీన్ ఒక కల్పన చేశారు. అంటే ఆయన పటం మీద కనిపించేది పేర్ల పట్టిక కాదు, భాషల చుట్టరికం. తీరరేఖ గారి పటంలో ఇరవై ఊళ్లకూ కలిపి ఉన్నది ఒకే భాష. నాకు కనిపించిన లోపం అదే.

చందమామ పాతసంచిక

గోస్తని గారు చెప్పినది బాగుంది కానీ, పురాలూ గిరులూ ఉన్నంత మాత్రాన పేరు చెడిపోయిందనడాన్ని ఒప్పుకోలేను. మన జానపద కథల్లో ఊరిపేరు చేసే పని వేరు. కథాసరిత్సాగరంలో శక్తిదేవుడు వెతుక్కుంటూ వెళ్లిన నగరం కనకపురి. ఆ పేరు విన్న క్షణంలోనే శ్రోత కంటి ముందు బంగారు మేడలు నిలవాలి, ఆ ఊరు ఈ లోకానిది కాదని తెలియాలి. అర్థం దాచిపెడితే ఆ పని జరగదు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల పేర్లు గుర్తు చేసుకోండి. జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం అనేవి సంస్కృత సమాసాలు. కంచుకోట తెలుగు. రాకాసిలోయలో ‘రాకాసి’ తద్భవం, ‘లోయ’ దేశ్యం. పదేళ్ల పిల్లవాడిగా నేను ఈ తేడాలేవీ ఎరగను, కానీ జ్వాలాద్వీపం చాలా దూరాన ఉన్నట్టు, రాకాసిలోయ మా ఊరి చెరువుగట్టు దాటితే వచ్చేటట్టు అనిపించేది. రాత్రిళ్లు భయపెట్టింది మాత్రం రాకాసిలోయే.

గోస్తని

చందమామ గారూ, మీరు నాకు ఎదురు చెప్పబోయి నా పక్షానే సాక్ష్యం ఇచ్చారు! దూరపు ద్వీపానికి సంస్కృతం, దగ్గరి లోయకు తెలుగు అన్నప్పుడు రెండు భాషల మధ్య ఉన్న ఎడమే కథకు భూగోళం అయింది కదా.

పావురాళ్లకొండ

నేను తెలుగు బోధించి విరమణ పొందినవాణ్ణి. ఫాంటసీ నవలలు చదివింది తక్కువే కానీ ఊరిపేర్లంటే పాత వ్యసనం. తీరరేఖ గారి పేర్లలో దోషం సంస్కృతంలో లేదు, అరుగుదల లేకపోవడంలో ఉంది. నిజమైన ఊరిపేరును తరాల తరబడి జనం నోట నలుపుతారు. అందులో కొంత భాగానికి అర్థం తెలుస్తుంది, కొంత భాగానికి తెలియదు. గాజువాకనే చూడండి. ‘వాక’ అంటే ఏరు, ప్రవాహం అని నిఘంటువు చెబుతుంది. కానీ అక్కడ బస్సు దిగే వెయ్యిమందిలో ఆ అర్థం తలచుకునేవారు ఒక్కరైనా ఉంటారా? తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటితొట్లు ఉన్నాయి, బావికొండ మీద బావులు ఉన్నాయి. ఆ రెండు కొండల మీదా ఒకప్పుడు బౌద్ధవిహారాలు వెలిసి, అంతరించాయి. అక్కడి భిక్షువులు తమ విహారాన్ని ఏ పేరుతో పిలుచుకున్నా, తరవాతి కాలంలో చుట్టుపక్కల జనం నోట నిలిచిన పేర్లలో ధర్మం లేదు, సంఘం లేదు, నీళ్లే ఉన్నాయి. మీ నవలలో ఒక శిథిల మఠం ఉంటే, దాని మూలనామం మీ మాంత్రికుడికి ఒక్కడికే తెలియాలి. మేకలు కాసుకునే కుర్రవాడు దాన్ని తొట్లకొండ అనే అనాలి.

ఇక రెండో సంగతి. ఒక భాషవారి తరవాత మరో భాషవారు వచ్చి స్థిరపడినప్పుడు, పాత పేరులో అప్పటికే ఉన్న అర్థాన్ని గమనించక మళ్లీ అదే అర్థాన్ని తగిలిస్తారు. మలయపర్వతంలో ‘మలయ’ ద్రావిడ పదమైన ‘మలై’ నుంచి వచ్చిందని పండితులు చెబుతారు, మలై అన్నా కొండే. మున్నేరులో ఏరు ఉండగానే మనం మున్నేరు నది అంటున్నాం. నేల మీద ఎవరి తరవాత ఎవరు వచ్చారో చరిత్ర పుస్తకం లేకుండానే ఈ పునరుక్తులు చెప్పేస్తాయి.

గోస్తని

మాస్టారూ, మీరు చెప్పిన పునరుక్తిని టోల్కీన్ తెలిసే వాడుకున్నారు. హాబిట్లు మొదటి రాత్రుల్లో బస చేసే బ్రీ అనే ఊరు ఒక కొండ పక్కన ఉంటుంది. ‘బ్రె’ అంటే బ్రిటన్‌లో ఆంగ్లేయులకు ముందున్న కెల్టిక్ భాషలో కొండ. కనుక ఆ పుస్తకంలోని బ్రీ హిల్ అంటే కొండ కొండ. దాని పక్కనున్న అడవి చెట్‌వుడ్‌లో ‘చెట్’ కూడా అదే పాత భాషలో అడవి. మన ‘చెట్టు’తో దానికి ఏ సంబంధమూ లేదు లెండి. ఇంగ్లండ్‌లోని బకింగ్‌హమ్‌షైర్‌లో బ్రిల్ అనే నిజమైన ఊరు ఉంది, అదీ ఇలా రెండు కొండలు అతుక్కుని ఏర్పడిన పేరే. తన ఊహాలోకంలోనూ ఒక జాతి వెళ్లిపోయి మరొక జాతి వచ్చి చేరిందన్న సంగతిని ఆయన అంత చిన్న పేరులో దాచిపెట్టారు.

రేవుదీపం

ఇక్కడ పండితుల మధ్య నేను మాట్లాడవచ్చో లేదో తెలియదు. నా ఉద్యోగం పోర్టులో, చదివేది డ్యూటీ మారే మధ్యలో. మీరందరూ పేరు పుట్టుక గురించే చెబుతున్నారు, పేరు మీద జనం అల్లే కథల గురించి ఎవరూ అనలేదు. మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం. ఊళ్లోవాళ్లకు అది సిక్కోలు. ఇంగ్లీషువారు చికాకోల్ అని రాసుకున్నారు. పన్నుల మూటలు విప్పేటప్పుడు ‘సిక్కా ఖోల్’ అన్నారట, అందుకే ఆ పేరు వచ్చిందని మా అమ్మమ్మ కళ్లారా చూసినట్టు చెప్పేది. భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోదని నాకూ తెలుసు. కానీ నవలలో ప్రతి ఊరికీ ఇలాంటి తప్పుడు కథ ఒకటి ఉండాలి, దాన్ని నిజమని చెప్పే ముసలమ్మ ఒకరుండాలి.

ఇంకొక మాట. మా పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండలు వరుసగా ఉంటాయి: వెంకటేశ్వరస్వామి కొండ, రాస్ హిల్, దర్గా కొండ. ఎదుటి గట్టున డాల్ఫిన్స్ నోస్. ఓడ లోపలికి వచ్చే కాసేపట్లోనే సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు, పారశీకం అన్నీ దాటేస్తుంది. ఫాంటసీ నవలల్లోని రేవుపట్నాలకు మాత్రం ఎప్పుడూ ఒకే భాష ఎందుకుంటుందో నాకు అర్థం కాదు. సముద్రం ఉన్న ఊళ్లో పేరు ఒక్క నోట ఉండదు. విశాఖపట్నాన్ని విజగపటం అని రాసి, ఆఖరికి వైజాగ్ అని కోసి చేతిలో పెట్టారు, మనమూ అలాగే పిలుస్తున్నాం.

గోస్తని

రేవుదీపం గారి సిక్కోలుకు ఇంగ్లండ్‌లో ఒక తోబుట్టువు ఉంది. రోమన్ల కాలంలో ఎబొరాకుమ్ అనే నగరం ఉండేది. ఆంగ్లేయులు వచ్చాక ఆ పేరు అర్థం కాక, తమ భాషలో అడవిపందికి ఉన్న ‘ఎయొఫొర్’ అనే మాటను అందులో విని ఎయొఫొర్‌విక్ అన్నారు. ఆ తరవాత వచ్చిన వైకింగులు దాన్ని యోర్విక్ చేశారు, అది అరిగి యార్క్ అయింది. అడవిపంది అనేది ఆ పేరు పుట్టుకలో లేదు, విన్నవారి చెవిలో ఉంది.

ఇలాంటి ఇరుచెవుల పేరును టోల్కీన్ కావాలనే ఒకటి చేశారు. మాంత్రికుడి బురుజు ‘ఓర్థాంక్’కు సిందరిన్‌లో కోరపర్వతం అని అర్థం, రోహన్‌వారి పాత భాషలో జిత్తులమారి బుద్ధి అని అర్థం. రెండు భాషలవారూ తమ తమ అర్థమే అసలైనదనుకోవచ్చు, రెండూ ఆ మాంత్రికుడికి సరిపోతాయి.

చందమామ పాతసంచిక

ఇంత భాషాశాస్త్రం అందరు రచయితలకూ అవసరమా అన్న అనుమానం నాకు ఇంకా పోలేదు. అర్సులా లగ్విన్ 1973లో రాసిన కథలోని ఒమెలాస్ అనే నగరం పేరు, ఆమె కారు అద్దంలో వెనక్కి చదివిన రహదారి బోర్డులోంచి వచ్చింది. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రపు సేలం అది, మన పొరుగు తమిళనాడు సేలం కాదు. ఇటలీలో నార్ని అనే పట్టణం ఉంది, రోమన్ల కాలంలో దాని లాటిన్ పేరు నార్నియా. ఆ పేరుతో పిల్లల కోసం ఏడు పుస్తకాలు వచ్చాయి, వాటిలో ఆ పట్టణం చరిత్ర ఏమీ లేదు, పేరులోని చప్పుడు మాత్రమే ఉంది. కోనన్ అనే వీరుడి కథల్లో రాబర్ట్ హోవర్డ్ అక్విలోనియా, సిమ్మేరియా, స్టిజియా అంటూ ప్రాచీన గ్రీకు, లాటిన్ పేర్లను ఉన్నవి ఉన్నట్టే దింపేశాడు. పాఠకులు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మనవాళ్లూ అదే చేశారు. 2015లో వచ్చిన బాహుబలిలోని మాహిష్మతి కల్పించిన పేరు కాదు, నర్మదాతీరాన కార్తవీర్యార్జునుడి రాజధానిగా పురాణాలు చెప్పే నగరం. కాళిదాసు రఘువంశంలో ఇందుమతీ స్వయంవర ఘట్టంలో అది కనిపిస్తుంది. కుంతల దేశమూ చరిత్రలో ఉన్నదే. నర్మద నుంచి తెచ్చి ఎక్కడో జలపాతం పక్కన పెట్టినా ఆ పేరు బరువు తగ్గలేదు.

పావురాళ్లకొండ

అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, నిజమే. మనుచరిత్రలో ప్రవరుడు ఉండే అరుణాస్పదపురాన్ని పెద్దనగారు మార్కండేయ పురాణం నుంచే తెచ్చుకున్నారు. కానీ అరువు పేరు ఒక్కటి ఉంటే పాత నగరపు గాంభీర్యం వస్తుంది. ఇరవై ఉంటే నిఘంటువులో పుట తిప్పినట్టుంటుంది. మాహిష్మతి పక్కన ఒక కొంగలపాడు ఉండాలి.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఊరిపేరు తెలుగు నోట నిలుస్తుందా లేదా అన్నది ప్రథమావిభక్తిలో తెలియదు, ఔపవిభక్తికంలో, అంటే మరో మాట ముందు చేరినప్పుడు దాని చివర మారే రూపంలో తెలుస్తుంది. రేనాడు అన్నప్పటి కంటే రేనాటి చోళులు అన్నప్పుడు ఆ నేల మీద మనుషులు కనిపిస్తారు. పలనాడు, పలనాటి యుద్ధం. ఏరు, ఏటి గట్టు. పాడుతో ముగిసే ఊరి నుంచి బయలుదేరిన కుటుంబం పొరుగూరు చేరేసరికి ఇంటిపేరు పాటి అవుతుంది. మీ నవలలోని వజ్రపురి నుంచి వచ్చిన మనిషి ఇంటిపేరు ఏమవుతుందో ఒకసారి చెప్పి చూడండి. గోస్తని గారు చెప్పిన రోహన్‌కు ప్రాచీన ఆంగ్లం ఎలా ఉందో, మీ కథలోని పాత రాజ్యానికి శాసనాల తెలుగు అలా ఉండవచ్చు. క్రీస్తుశకం 575 ప్రాంతపు కలమళ్ల శాసనం నాటికే తెలుగు రాయి మీదికి ఎక్కింది. ప్రోలు, వీడు, నాడు, పఱ్ఱు, కుదురు వంటివి ఊరిపేర్ల చివర తప్ప వేరెక్కడా ఇప్పుడు పెద్దగా వినబడవు. ఇప్పటి పాఠకుడికి అవి పూర్తిగా తెలియవు, పూర్తిగా పరాయివీ కావు. మీకు కావలసిన దూరం అదే అనుకుంటాను.

ఘాట్ మలుపు

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను అరకు దగ్గర బడిలో పనిచేస్తాను, సెలవులకు కిరండూల్ పాసింజరులో విశాఖ దిగుతాను. మాస్టారు చెప్పిన పొరలన్నీ ఆ ఒక్క రైలు కిటికీలోంచి కనిపిస్తాయి. కొత్తవలస, మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, అరకు. మైదానంలో ఉండగా వీడు, కోట, పురం వస్తాయి. ఘాట్ ఎక్కుతున్నకొద్దీ త్యాడ వంటి ఏ తెలుగు ప్రత్యయమూ అంటని పేర్లు మొదలవుతాయి. అరకు దాటాక గోరాపూర్, దార్లీపుట్ అంటూ ‘పుట్’లు వస్తాయి. మా వైపు ముంచింగిపుట్టు, ఒడిశాలో కోరాపుట్ ఆ వరసలోవే. వలసలు మాత్రం కిందా మీదా రెండుచోట్లా ఉన్నాయి, ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు.

2022లో జిల్లాలు విడిపోక ముందు ఈ కొండలన్నీ విశాఖ జిల్లాలోనివే. ఇక్కడ కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబానివి, గదబలు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానిది, ఆదివాసీ ఒడియా ఇండో ఆర్యన్. మూడు కుటుంబాలు ఒకే సంతలో బేరమాడతాయి. సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన వ్యాకరణం 1931లో, కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథం 1969లో అచ్చయ్యాయి. కనుక తెలుసుకోదలచినవారికి దారి లేకపోలేదు.

అయితే తీరరేఖ గారికి ఒక విన్నపం. ఫాంటసీలో ఒక పాత అలవాటు ఉంది. మంచివారి ఊళ్లకు మెత్తని పేర్లు, దుర్మార్గుల ఊళ్లకు గరుకు పేర్లు. టోల్కీన్‌లోనే నల్లబురుజుకు సిందరిన్‌లో బరద్‌దూర్ అని, ఓర్కులనే దుష్టజాతి నోట లుగ్‌బూర్జ్ అని రెండు పేర్లున్నాయి. అర్థం ఒకటే, రెండోది వింటేనే పళ్లు జివ్వుమంటాయి. బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి భాషను కొత్తగా కల్పించారు కనుక అది ఎవరి ఇంటి భాషా కాదు. మీరు మాత్రం గుతోబ్ పదమో కువి పదమో వింతగా వినబడిందని రాక్షసుల గుహకు పెట్టకండి. మీకు వింతగా వినబడే ఆ మాటతో మా తరగతిలో పిల్ల తన అమ్మను పిలుస్తూ ఉండవచ్చు.

రేవుదీపం

ఘాట్ మలుపు గారి చివరి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

ఆ స్టేషన్ల పేర్ల గురించి ఒకటి చేర్చాలి. శృంగవరపుకోటను శృంగవరపుకోట అని పిలిచే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందరికీ అది ఎస్.కోట, పక్కది ఎల్.కోట. పొడుగు పేరు బోర్డు మీద, పొట్టి పేరు కండక్టరు నోట. రెండూ కథలో ఉండాలి.

గోస్తని

రైలు అంటే గుర్తొచ్చింది. టోల్కీన్‌కు వెల్ష్ మీద మోజు పుట్టింది పుస్తకాల్లో కాదు. చిన్నప్పుడు బర్మింగ్‌హమ్‌లో ఇంటి వెనకనుంచి పోయే బొగ్గు వ్యాగన్ల మీద రాసి ఉన్న వెల్ష్ ఊళ్ల పేర్లు చూసి, అర్థం తెలియకుండానే ఆ అక్షరాలకు లొంగిపోయారు. మన దగ్గర ఇనుపఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్లు ఆ కిరండూల్ లైను మీదే తిరుగుతున్నాయి. ఏ గేటు దగ్గరో నిలబడి వాటిని లెక్కపెడుతున్న పిల్లలు ఎంతమందో!

అనువాదం ఊసు ఎవరూ ఎత్తలేదు కనుక ఒక్క మాట. స్వీడిష్, డచ్ అనువాదకులు తన ఊరిపేర్లను ఇష్టం వచ్చినట్టు మార్చారని టోల్కీన్ నొచ్చుకుని, 1960లలో అనువాదకుల కోసం ఒక మార్గదర్శిని రాశారు. ఆంగ్లంలో అర్థమయ్యే పేరును అర్థం ప్రకారం మార్చండి, అర్థం కానిదాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి అన్నది దాని సారం. అందుకే చీలిన లోయ అనే అర్థం వచ్చే రివెన్‌డెల్ జర్మన్ పాఠకుడికి బ్రుఖ్‌టాల్ అయింది, గోండోర్ గోండోర్‌గానే ఉంది. తెలుగులో రాసేవారికీ ఆ గీత పనికొస్తుంది. పాత్రలకు ఏ పేరు అర్థమవుతుందో అదే పాఠకుడికీ అర్థం కావాలి.

తీరరేఖ

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పాత పటం పక్కన పెట్టి కొత్తది గీశాను. వజ్రపురి ఒక్కటే మిగిలింది. అది రాజధాని, అందులోనూ రాజపత్రాల్లో మాత్రమే ఆ పేరు. మిగతావారికి అది ‘పెదవీడు’.

కథకు కేంద్రమైన కొండకు నాలుగు పేర్లు పెట్టాను. మొదటివారి భాషలో దాని పేరు ‘తుమ’. ఆ భాష పూర్తిగా నేను కల్పించినదే, ఏజెన్సీ భాషల్లోంచి ఒక్క మాటా తీసుకోలేదు, దాన్ని మాట్లాడేవారు కథలో దుర్మార్గులూ కారు. తుమ అంటేనే కొండ. తెలుగువారు వచ్చి తుమకొండ అన్నారు. పండితులు దాన్ని ధూమగిరి చేసి, అక్కడ ఒక ముని హోమం చేస్తే లేచిన పొగ ఇప్పటికీ ఆరలేదని స్థలపురాణం రాశారు. పడవలవాళ్లు తుంగేరి అంటారు, వాళ్లకు ఆ పేరు ఎలా వచ్చిందో అక్కరలేదు. ఆ పొగ కథ అబద్ధమని తెలిసిన ఒకే ఒక్క మనిషి మేకల కాపరి నాయనమ్మ. తీరాన ఉన్న కోటకు ‘కొంగవీడుకోట’ అని పెట్టాను. తప్పులుంటే చెప్పండి.

పావురాళ్లకొండ

తుమకొండ నిలుస్తుంది. ఆ కోట పేరు మాత్రం కొంగవీటికోట అని దిద్దుకోండి, అక్కడి నుంచి వలస వెళ్లినవారి ఇంటిపేరు కొంగవీటి. నాయనమ్మ పుట్టినిల్లు ఆ ఊరే అయితే ఇంకా బాగుంటుంది.